మా అన్న చావుకు జోలపాట

మా అన్న మీద నేను రాసిన పాటలోంచి చప్పుడంతా తీసేశాడు, అబిడ్స్‌లోని వారపత్రిక ఎడిటరు. నాంపల్లి యార్డులో రెండు రైలు డబ్బాల మధ్య నలిగి చచ్చినవాడు మా అన్న. "దడదడ డబ్బా డబ్బాను ఢీకొట్టె" అని రాస్తే, "మెలమెల్లగా రైలు మళ్లె" అని అచ్చేశాడు.

ఈ రోజు డ్యూటీ దిగి నేరుగా వెళ్లి అడిగాను.

"ఆ డ, ఢలు చెవుల గుచ్చుకుంటున్నయి తమ్మీ. అర్థం అదే గద, జర తియ్యగ చేసిన" అన్నాడు.

"గుచ్చుకోవాల్ననే రాసిన సార్. మా అన్న తియ్యగ చావలే."

నవ్వి చాయ్ తెప్పించాడు. తాగకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి అచ్చయిన పాట అమ్మకు చదివాను. నేను రాసింది విన్ననాడు ఆమె చెవులు మూసుకుంది. ఇవాళ కళ్లు మూసుకుని, నేల మీద చేత్తో మెల్లగా జోకొట్టింది.

"ఎవల పిల్లను పండవెడుతున్నవ్ కొడుకా?" అంది.

యార్డులో డబ్బాలు తగులుకునే చప్పుడు ఇప్పుడు కూడా వినబడుతోంది.

పఠనాలయం గోడ మీద నేను అంటిస్తున్న ఈ కాగితం చూసినవాళ్లు రెండు పంక్తులూ పైకి చదివి, మా అన్న ఎందులో ఉన్నాడో కింద రాయండి. ఎడిటరుగారూ, నా పాట నేను రాసినట్టే మళ్లీ వేయాలి. వేస్తారో లేదో రేపు సాయంత్రం లోపు ఇదే గోడ మీద చెప్పండి.