లేని తొమ్మిదో గడి

మా బాబాయిని ఉద్యోగం నుంచి తీసేసిన రోజున, ఆయన ఇంకా కుర్చీలో ఉండగానే కంప్యూటరు తీగ ఊడబీకారు. లిఫ్టు మెకానిక్ ఒకతనికి కాలు పోయింది. బాధ్యుడిగా ఎవరో ఒకరి పేరు రాయాలి, బాబాయి పేరు రాశారు.

ఆ కంపెనీ లిఫ్టుల్ని నడిపే ప్రోగ్రాములు సీ అనే కంప్యూటరు భాషలో తయారు చేసేది. ఎనిమిది అంతస్తులకు మెమరీలో ఎనిమిది గడులు. లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక ఆఖరిది ఏడు. ఎవరో తొందరలో లెక్కను ఎనిమిది దాకా తిప్పారు. లేని తొమ్మిదో గడిలో రాస్తే ఆ రాత పక్కనున్న దాని మీద పడుతుంది. అక్కడ పక్కనున్నది, తలుపు మూసి ఉందో లేదో చెప్పే గుర్తు. రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలరు దీన్ని పట్టుకుంది, హద్దు దాటుతున్నారని ఒక వరుసలో హెచ్చరించింది. హెచ్చరించి ఊరుకుంటుంది అది, పని ఆపదు.

సరుకు పంపేముందు అక్కడ ఒక ఫారం నింపాలి. హెచ్చరికలు ఎన్ని అన్నచోట సున్నా ఉండాలి. సున్నా తెచ్చుకునే దారి ఆఫీసులో అందరికీ తెలుసు: హెచ్చరికలు కనపడకుండా చేసే ఒక్క మాట చేర్చడమే. బాబాయి అలా చేయకుండా ఆ వరుసను అచ్చు తీసి మేనేజరు దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"వార్నింగు గారొచ్చారు, సర్దుకు కూర్చోండ్రా," అన్నాడు పక్క సీటాయన.

"లిఫ్టు నడుస్తోందా లేదా?" అన్నాడు మేనేజరు.

"నడుస్తోందండీ. కానీ..."

"కానీలు తర్వాత చూద్దాం. సరుకు రేపు వెళ్ళాలి."

ఆ కాగితం మీదే 'హెచ్చరికలు ఆపేయండి' అని రాసిచ్చాడు.

నెల తిరక్కుండానే తలుపు తెరిచి ఉన్న లిఫ్టు కదిలింది. ప్రోగ్రాములో ఆఖరి మార్పు బాబాయిది. హెచ్చరికేదీ తన దాకా రాలేదన్నాడు మేనేజరు. బాబాయి ఆ కాగితం బయటపెట్టలేదు.

తర్వాత పదకొండేళ్ళు మందుల షాపు మీది గదిలో సీ పాఠాలు చెప్పాడు. ప్రోగ్రాము ఎంత బాగా నడిచినా ఒక్క హెచ్చరిక కనపడితే మార్కులుండవు. విద్యార్థులు సగంలో మానేసేవారు.

"వీళ్ళు కూడా పొమ్మంటే ఇంట్లో నాకు చెప్తారా పాఠాలు?" అనేది పిన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

బాబాయివాళ్ళు ఇల్లు మారుతుంటే పుస్తకాల అట్టపెట్టెలో ఆ కాగితం నాకు దొరికింది. తేదీ ఉంది, మేనేజరు చేతిరాత ఉంది. ఆ మనిషి ఇప్పుడు అదే కంపెనీకి డైరెక్టరు. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మీది మచ్చ ఈ వారంలోనే కడిగేస్తానని ఆయన పాఠం చెప్పే గదికి పరుగెత్తాను. ఆ గదిలో ఆయన్ని కలవడం అదే ఆఖరు.

ఆయన బోర్డు తుడుస్తున్నాడు. కాగితం చూసి చెయ్యి ఆపాడు.

"కింది దాకా చదివావా?"

అడుగున, మడత కింద, సన్నటి అక్షరాలు: 'ఆపేశాను.' పక్కన బాబాయి సంతకం.

"ఎవరికి చూపించుకుంటావో చూపించుకోరా, నేను వద్దనను," అన్నాడు. "ఆ మడత మాత్రం విప్పి చూపించు."