గ్రానైట్ గోడల చప్పుడు

లవ్‌డే ట్రెగియర్‌కి ఎవరైనా సర్దుకుపొమ్మంటే ఒళ్లు మండేది. ఇంగ్లండ్ కొసన కార్న్‌వాల్‌లో, సముద్రపు గాలి కిటికీలు కొట్టే ఆ రాతిబడిలో, తల నెరిసేదాకా ఫిజిక్స్ చెప్పింది. బీరువాలో తాళం వేసి ఒక ప్లాస్టిక్ సీసా దాచుకునేది. దాన్ని బాగా కుదిపితే రేడియోధార్మిక పదార్థం ఒకటి పై పొరలోకి చేరుతుంది. నిమిషం పైచిలుకులో సగమైపోతుంది. మళ్లీ అంతసేపట్లో ఆ సగంలో సగం. పక్కన పెట్టిన కౌంటర్ టిక్కుటిక్కుమంటూ లెక్కిస్తుంది.

కొత్త హెడ్‌మాస్టర్ పాస్కో నాన్స్‌కి అది గిట్టలేదు.

"కంప్యూటర్లో బొమ్మ చూపిస్తే చాలదా? శుక్రవారం ఇలాంటి సరుకు పట్టుకుపోయే బండి వస్తుంది, పంపించేద్దాం."

"ముందొక పాఠానికి వచ్చి కూర్చోండి సార్. పిల్లల గ్రాఫులో చివరికి సూటి గీత రాకపోతే సీసాని నేనే మోసుకెళ్లి బండెక్కిస్తాను."

ఆయన వచ్చి వెనక బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు లెక్కలు రాసి గ్రాఫు గీశారు.

"జారుడుబల్లలా వచ్చింది మిస్," అంది కెరెన్సా.

"జారుడుబల్ల చూసి సగమయ్యే వేళ చెప్పడం కష్టం బంగారూ. నిమిషానికి పోయేది ఒకే సంఖ్య కాదు, ఒకే వంతు. ఆ సంఖ్యలకి లాగరిథమ్, అదే లాగ్, తీశావనుకో, ఆ వంతు ఒకే ఎత్తు మెట్టవుతుంది. మెట్లన్నీ సమానమైతే గీత సూటిగా దిగక ఏం చేస్తుంది?"

సీసా లేకపోయినా గదిలో కౌంటర్ ఎప్పుడూ చేసే చప్పుడంటూ పుస్తకంలో ఒక సంఖ్య అచ్చేసి ఉంది. పిల్లలు దాన్ని తీసేసి, మిగిలినదానికి లాగ్ తీసి చుక్కలు పెట్టారు. గీత సగందాకా సూటిగా దిగి, చివర తోక పైకెత్తింది.

నాన్స్ ముసిముసిగా నవ్వాడు. "బండికి కబురు పెట్టనా?"

"స్కేలు పెట్టి లాగేద్దామా మిస్?" అని గుసగుసలాడింది కెరెన్సా.

"చెయ్యి తియ్యి! చుక్కలకి అబద్ధాలు నేర్పకు."

లవ్‌డే ఆ తోకనే చూస్తూ నిలబడింది. సీసా చప్పుడు సన్నబడ్డాక కూడా ఇంకేదో మోగుతోంది. తలెత్తి గోడ వంక చూసింది.

"పుస్తకంలో సంఖ్య ఎవరి గదిదో?"

వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరిదైనా ఇటుకల గదే అయ్యుంటుంది. మనది గ్రానైటు. రాతిలోనే కాస్త యురేనియం ఉంది, కౌంటర్ దాన్నీ లెక్కేస్తుంది."

సీసాను బీరువాకి పంపించేసి, ఖాళీ బల్ల మీద కౌంటర్ పెట్టింది. భోజనం గంట కొట్టింది. సంచుల్లో మాంసం కూరిన పాస్టీలు చల్లారిపోతున్నా ఒక్కరూ కదల్లేదు. వచ్చిన సంఖ్య పుస్తకంలోదానికి ఎంతో మించిపోయింది. దాన్ని తీసేసి మళ్లీ గీశారు. చివరి చుక్కలు కొంచెం అటూ ఇటూ చెదిరినా, వాటి నడుమనుంచి గీత ఎక్కడా తలవంచకుండా సూటిగా దిగింది.

"అంటే నా బడి గోడలే..." అన్నాడు నాన్స్.

"కట్టిన నాటినుంచీ మోగుతూనే ఉన్నాయి సార్. వాటినీ బండెక్కిస్తారా?"

ఆయన గొణుక్కుంటూ, రావద్దని బండివాళ్లకి ఫోన్ చేయడానికి లేచాడు. ఆమె అప్పటికే ఎర్ర పెన్ను తీసి, ఒక్కో పుస్తకంలో ఆ సంఖ్యను కొట్టేస్తోంది.

"బడి పుస్తకాలు పాడుచేస్తున్నారు మిసెస్ ట్రెగియర్!"

"కావాలంటే వీటిని పంపించేయండి," అందామె తలెత్తకుండానే. "సీసా మాత్రం ఇక్కడే ఉంటుంది."