గుట్టల్లో అమ్మ గొంతు

పోయిన నెల ఒక ఉదయం కుక్కర్ మూత పెడుతుంటే ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి యాదగిరి. చాలా ఏళ్ళు మా అమ్మను తన ఆటోలో తిప్పినవాడు, ఈమధ్య ఆమె ఇంటి కింద వాటాలోనే కాపురం ఉంటున్నవాడు.

"అక్కా, అమ్మ పోయిందక్కా" అన్నాడు. "పొద్దుగాల చాయ్ తాగి బాల్కనీల కుర్చీ ఏస్కొని కూసుంది. పేపర్ ఇయ్యనీకి పోతే తల ఒక దిక్కు వంగి ఉన్నది. నిద్రవోయిందనుకున్న."

స్టవ్ ఆపి అక్కడే కూలబడి ఏడ్చాను. అవతల అతను కూడా కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, ఇంకో మాట చేర్చాడు. "ఎదురుంగ గోడ మీద ముంగిస ఉండె అక్కా. దాన్ని జూస్కుంటనే పోయినట్టుంది. నేనొచ్చినా అది జర గూడ కదల్లే."

అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. మా అమ్మ గురించి నాలుగు మాటలు రాయాలని అనిపించింది కూడా అప్పుడే.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు చూసినవాళ్ళయితే విని మాత్రం ఉంటారు. డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్లకు ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ళ చుట్టుపక్కల వాళ్ళందరికీ చెప్పింది. హీరోయిన్ స్నేహితురాలు, గయ్యాళి పక్కింటావిడ, ఇల్లు తగలబడుతుంటే గుంపులో గుండెలు బాదుకునే ముసలమ్మ, ఉయ్యాల్లో పసిబిడ్డ. ముఖ్యంగా కేకలు. విలన్ తలుపు తన్నుకుని లోపలికొచ్చినప్పుడు తెరమీద నోరు తెరిచింది ఎవరైనా, కేక మాత్రం మా అమ్మది. పసిపిల్లల ఏడుపులోనూ మంచి పేరుండేది. మా అబ్బాయి పుట్టినప్పుడు ఆస్పత్రిలో వాణ్ణి చేతుల్లోకి తీసుకుని, ఏడుపు శ్రద్ధగా విని, "గొంతుతో ఏడుస్తున్నాడే. పొట్టలోంచి రావాలి" అంది. మా అత్తగారు గాభరాపడి డాక్టరును పిలిపించారు.

నాన్న మద్రాసులో ఉండగానే పోయారు. నేను పెళ్ళయి కాకినాడ వచ్చేశాను. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజులవి. అమ్మ కూడా ఒక ట్రంకు పెట్టె, ఫ్లాస్కు పట్టుకుని వాళ్ళ వెనకే వచ్చేసి ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీది వాటాలో దిగింది. ఇంటి వెనక అప్పటికింకా కాంపౌండు గోడ కూడా లేదు. గోడ ఉండవలసిన చోట నుంచి బండరాళ్ళు, తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, కనుచూపు మేర ఇంకా బండరాళ్ళు. నీళ్ళు ట్యాంకర్లో రావాలి. ఒకసారి చూసి వచ్చిన మా అత్తగారు, "ఆ ఎడారిలో మీ అమ్మ ఒక్కతీ ఏం చేస్తుందమ్మా? నలుగురూ మనల్ని అనుకోరూ?" అన్నారు. పచ్చటి కాకినాడ నుంచి వెళ్ళిన నా కంటికి కూడా అది ఎడారే. అందుకే వెళ్ళిన ప్రతిసారీ అమ్మను వెంటబెట్టుకు రావాలనే వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఒక్కదాన్నే తిరిగొచ్చేదాన్ని.

మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ, యాదగిరి ఇద్దరూ సికింద్రాబాదు స్టేషనుకు వచ్చారు. జూబ్లీహిల్స్ దాటి మట్టిదారి మొదలయ్యే చోట యాదగిరి ఆటో ఆపేశాడు.

"ఇంటి దాకా రావయ్యా, సామాను ఉంది" అంది అమ్మ.

"నా బండికి తలుపుల్లేవమ్మా" అన్నాడు యాదగిరి. "మొన్న గీడనే తాచుపాము అడ్డమొచ్చింది. గా పాము బండిలకొస్తే నేనేడికి పోవాలె?"

పెట్టె నెత్తిన పెట్టుకుని మా ముందు నడిచాడు గానీ బండి మాత్రం తేలేదు.

సాయంత్రం డబ్బింగ్ లేకపోతే అమ్మ గుట్టల్లోకి నడకకు వెళ్ళేది. గొడుగు, కర్ర, కాళ్ళకు నాన్నగారి పాత కాన్వాసు బూట్లు. ఆ నడకలో ఒక్క మాట మాట్లాడేది కాదు. పగలంతా అరిచిన గొంతుకు అదే విశ్రాంతి. ఏం చెప్పాలన్నా సైగలే. మొదటి సాయంత్రం నేను రెండడుగులు ముందు నడుస్తూ వెనక్కి చూస్తే, అమ్మ తన అరచెయ్యి గొడుగులాగా నెత్తిమీద పట్టుకుని కళ్ళు పెద్దవి చేసి చూపిస్తోంది. ఎండ తగులుతుందని కాబోలు అనుకుని, తలమీద కొంగు కప్పుకుని ఇంకా ముందుకు వెళ్ళాను. అమ్మ మళ్ళీ అదే సైగ, ఈసారి రెండు చేతులతో. నేను కొంగు ఇంకాస్త ముందుకు లాక్కున్నాను. చివరికి నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. నేను కాలు పెట్టబోయిన బండమీద నాగుపాము పడగ విప్పి ఉంది.

నేను అరిచాను. పాము పొదలోకి జారిపోయింది. అమ్మ నా వంక జాలిగా చూసి, ఆ రోజు మౌనం పక్కన పెట్టి, "అది కేక కాదే, తుమ్ము" అంది.

ఇంటికొచ్చాక సైగలన్నీ నేర్పింది. అరచెయ్యి నెత్తిమీద పెడితే నాగుపాము. మూడు వేళ్ళు నిలబెడితే నెమలి. నాలుక కొంచెం బయటపెడితే ఉడుము. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ భాషలోనే మా కబుర్లు. దారిన పోయే మేకల కాపరులు మమ్మల్ని చూసి మూగవాళ్ళనుకుని, ఒకసారి మాకు దారి చూపించడానికి వాళ్ళు కూడా సైగలే చేశారు. అమ్మ వాళ్ళకు చేతులు జోడించి నమస్కారం పెట్టింది.

నెమలి మాత్రం ఆమె మౌనాన్ని చెడగొట్టేది. పొద్దువాలే వేళ పెద్ద బండ ఎక్కి పింఛం ఊపుకుంటూ నిలబడిన మగనెమలిని చూస్తే నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. ఇంతలో అది నోరు తెరిచి అరిచేది. అమ్మ తల అడ్డంగా ఊపి, "చూడ్డానికి హీరోనే. డైలాగు మాత్రం ఇంకెవరి చేతనైనా చెప్పించాలి" అనేది. సినిమావాళ్ళలో కూడా కొందరి పేర్లు చెప్పి ఇదే మాట అనేది. ఆ పేర్లు ఇక్కడ రాయను.

ఆదివారాలు కూరగాయలకు కృష్ణానగర్ వెళ్ళేవాళ్ళం. అదీ ఒక అడవే. ఇరుకు సందుల్లో ఇంకా మేకప్ కడుక్కోని రాక్షసులు, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న అసిస్టెంటు డైరెక్టర్లు, అద్దెగదుల మెట్లమీద స్టెప్పులు వేసి చూసుకునే డాన్సర్లు. బెండకాయలమ్మే ఆవిడ అమ్మను చూడగానే, "ఒక్కపారి పిల్లగానోలె ఏడువమ్మా, గీ ముసలాయన నమ్ముతలేడు" అనేది. అమ్మ సంచి కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆకలేసిన పసిబిడ్డలాగా ఏడ్చేది. ఎదుటింటి మేడమీంచి ఎవరో తల్లి పరుగున బయటికి వచ్చి చూసుకునేది. బెండకాయలమ్మే ఆవిడ ఇంకో గుప్పెడు సంచిలో వేసేది.

కాకినాడలో ఉన్నప్పుడు నాకు అమ్మ మీద బెంగ పుడితే సినిమాకు వెళ్ళేదాన్ని. కథ ఏదైనా సరే. రెండో సినిమాలోనో మూడో సినిమాలోనో తెరమీద ఎవరో ఒకామె వెనక నుంచి అమ్మ పలికేది. ఒకసారి మా అత్తగారు నా పక్కనే కూర్చుని, కొడుకును పోగొట్టుకున్న తల్లి ఏడుపుకు వెక్కి వెక్కి ఏడ్చారు. అది మా అమ్మేనండీ అని చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, "మరి మన ఇంటికొస్తే అంత పొడిగా మాట్లాడుతుందేం?" అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. తొంభైల మొదట్లో మావారు కొంచెం పెద్ద ఇల్లు తీసుకున్నారు. అమ్మకని ఒక గది. ఈసారి తీసుకు రాకుండా వచ్చేది లేదని మాట ఇచ్చి మరీ బయల్దేరాను. సాయంత్రం నడకలో అమ్మ మాట్లాడదు కనక, ఎదురు చెప్పదు కనక, ఆ సమయమే మంచిదని మొదలుపెట్టాను. గది ఎటు వైపు ఉంది, గాలి ఎలా వస్తుంది, మనవడు ఎలా కలవరిస్తున్నాడు, ఒంటరి ఆడది ఈ రాళ్ళలో పడితే ఎవరు చూస్తారు. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూస్తూ, వెనక్కే నడుస్తూ చెబుతున్నాను. అమ్మ నాలుక బయటపెట్టింది. నన్ను వెక్కిరిస్తోందనుకుని నాకు కోపం వచ్చింది.

"ఇది నవ్వులాటకు చెప్పే మాటా అమ్మా?" అంటూ ఇంకో అడుగు వెనక్కి వేశాను. కాలు రెండు బండల మధ్య సందులోకి దిగి మడమ మెలిపడింది. కదిలిస్తే ప్రాణం పోతోంది, పైకి రావడం లేదు. కాలి పక్కనుంచే ఏదో బుస్సుమంది. బెత్తెడు వెడల్పు తల బయటపెట్టి, మా అమ్మ చేసిన సైగే నాకు చేసింది ఉడుము.

ఈసారి నా కేక తుమ్ము కాదు. అయినా చాలలేదు. అమ్మ లాగి చూసింది, రాలేదు. గొడుగు కింద పెట్టింది. రెండు కాళ్ళూ సరిగా ఆనించుకుని, ఊపిరి పొట్టలోకి తీసుకుని, "రక్షించండీ" అని అరిచింది. ఆ గుట్ట, వెనక గుట్ట, దాని వెనక గుట్ట అన్నీ ఆ కేకను మళ్ళీ అరిచాయి.

ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత గుట్ట అవతల నుంచి మైకులో వినిపించింది. "సైలెన్స్."

షూటింగు జరుగుతోంది. అమ్మ ఇంకా బలంగా అరిచింది. "సైలెన్స్ ప్లీజ్" అన్నారు అవతల. అమ్మ నా వైపు తిరిగి, "ఎలాగూ తర్వాత డబ్బింగే కదే, వీళ్ళకి సైలెన్స్ ఎందుకు?" అని మూడోసారి అరిచింది. అందులో భయం లేదు. ఒట్టి కోపం.

బండమీదికి ఒక అసిస్టెంటు డైరెక్టరు ఎగశ్వాసతో ఎక్కి వచ్చాడు. "ఎవరమ్మా మీరు, అక్కడ టేక్ నడుస్తుంటే" అని మొదలుపెట్టి, అమ్మను పోల్చుకున్నాడు. "మీరా అమ్మా. ఈ బిట్టు సోమవారం చెబుదురు గానండీ, డబ్బింగ్ థియేటరు బుక్ చేశాం."

అమ్మ కర్రతో నా కాలు చూపించింది. అతను వెనక్కి తిరిగి కిందివాళ్ళను కేకేశాడు. అయిదు నిమిషాల్లో లైట్‌బాయ్‌లు తాళ్ళు, గడ్డపార పట్టుకొచ్చారు. రాయి కొంచెం కదిలించి నా కాలు పైకి తీశారు. హీరోగారి మడతకుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోయారు. పక్కన ఒకతను హీరోగారి గొడుగు కూడా పట్టాడు. ఇంతలో ఇల్లు కదిలిపోయిన ఉడుము నా వెనకే బయటికి వచ్చి, సెట్టు మధ్యగా తన దారిన తాను నడిచింది. ఆ సినిమాలో హీరో అడవిలో పులులతో పెరిగినవాడట. జీపు బానెట్ మీదికి ఎక్కి ఆయన వేసిన కేక విని అమ్మ చాలాసేపు తల పంకించింది.

"నిఖార్సయిన కేక. దీన్ని మాత్రం ఎవరి చేతా చెప్పించకండి" అని డైరెక్టరుతో అంది.

ఆ రోజు యాదగిరి ఆటో మట్టిదారి దాటి గుట్టల్లోకి వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళేదాకా రెండు కాళ్ళూ హ్యాండిల్ మీదికి లాక్కుని నడిపాడు.

కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక, మంచం మీద పడుకుని మళ్ళీ అందుకున్నాను. "అమ్మా, ఇదే నీకయ్యుంటే?"

"అరుస్తాను" అంది. "వస్తారుగా. తిట్టడానికైనా వస్తారు."

"నవ్వకు. మా ఇంట్లో నీకేం తక్కువ?"

అమ్మ నా కాలి కింద దిండు సరిచేసింది. కాసేపు ఆ దిండునే నిమురుతూ కూర్చుంది. "ఏం తక్కువ లేదే. మీ అత్తగారు మంచావిడ. కానీ అక్కడ నేను గట్టిగా తుమ్మాలన్నా ముందు ఆలోచించుకోవాలి. మీ నాన్న పోయాక ఒక ఏడాది నా గొంతు పెగల్లేదు, నీకు తెలుసుగా. ఇక్కడికొచ్చాకే మళ్ళీ వచ్చింది. పగలు థియేటర్లో అరుస్తాను, సాయంత్రం వీటిని చూస్తాను. రెండూ కావాలి. ఈ రాళ్ళు చూసి నువ్వు భయపడుతున్నావు గానీ నేను ఒంటరిగా లేనమ్మాయ్."

ఆ నెల సెలవంతా కిటికీ దగ్గర మంచం వేయించుకుని పడుకున్నాను. అమ్మ పనికి వెళ్ళేటప్పుడు, సాయంత్రానికి నేను ఏమేం చూశానో చెప్పాలని పని పెట్టి వెళ్ళేది. తిరిగొచ్చాక నేను చెప్పినవన్నీ విని, "ఆ ముంగిస నిన్నటిది కాదు, దాని తోక చూడు" అని నన్ను సరిదిద్దేది. తర్వాత ఎప్పుడూ కాకినాడ రమ్మని అడగలేదు. అత్తగారికి ఏం చెప్పాలా అని భయపడ్డాను. ఆవిడ నా కట్టు చూసి, "మీ అమ్మనక్కడే ఉండనీ, నువ్వు మాత్రం చూసుకుని నడువు" అన్నారు.

ఆ దశాబ్దం చివరికి గుట్టలు ఒక్కొక్కటే పేలిపోయాయి. మధ్యాహ్నాలు డైనమైట్ చప్పుడుకు అమ్మ ఇంట్లో గిన్నెలు మోగేవి. రాళ్ళు పోయిన చోట నల్లటి తారురోడ్లు, వాటి పక్కన ఎత్తయిన పేవ్‌మెంట్లు వచ్చాయి. ఆమె చెప్పే కేకలకు కూడా కొత్త ఆర్టిస్టుల గొంతులు వచ్చాయి. రెండింటి గురించీ అమ్మ ఎక్కువ మాట్లాడలేదు. మోకాళ్ళు నొప్పులని నడక మానేసి, యాదగిరి ఆటోలోనే సాయంత్రాలు తిరిగేది.

అలాంటి ఒక ఎండాకాలం సాయంత్రం, నేను కూడా ఆటోలో ఉన్నాను. కొత్త రోడ్డు మలుపులో యాదగిరి సడన్‌గా బ్రేకు వేశాడు. ఒక కౌజు పిట్ట, దాని వెనక దూదిపింజల్లాంటి పిల్లలు, రోడ్డు దాటుతున్నాయి. మా వెనక ఒక పెద్ద కారు ఆగి హారన్ మోగించింది. దాని వెనక ఇంకోటి. తల్లి పేవ్‌మెంటు ఎక్కేసింది. పిల్లలు కూడా ఎగిరి, పడి, మళ్ళీ ఎగిరి ఎక్కాయి. చివరిదానికి మాత్రం ఆ ఎత్తు అందలేదు. గట్టు వెంట అటూ ఇటూ పరుగెత్తుతోంది.

అమ్మ ఆటో దిగింది. హారన్లు పట్టించుకోకుండా మెల్లగా వెళ్ళి, కుడికాలి చెప్పు విప్పి, వంగి, గట్టుకు ఏటవాలుగా ఆనించి పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. పగలంతా కాగిన తారు. ఉత్త పాదం పైకెత్తి, ఒక చేత్తో ఆటో కమ్మీ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడింది. పిల్ల చాలాసేపు చెప్పు చుట్టూ తిరిగింది. చివరికి మడమ వైపు నుంచి ఎక్కి, బొటనవేలి దగ్గర ఆగి, ఒకసారి మా అందరి వంకా చూసి, గెంతింది. గట్టు అవతల తంగేడు పొద కొంచెం ఊగింది. అమ్మ ఇంకా ఒంటికాలి మీదే నిలబడి, పొద ఊగడం ఆగేదాకా చూస్తూ ఉంది.