బావి మూసి చూసిన మామయ్య

మా మేనమామ పోయారు. తాండూరు నుంచి ఆయన కోడలు ఫోను చేసి, "వదినె, మామ పోయిండు" అన్నప్పుడు నేను గోదావరి దిక్కున ఒక చిన్న చమురు బావి దగ్గర, ఒత్తిడి చూపే ముల్లుకేసి చూస్తూ కూర్చున్నాను. ముల్లు ఆగకముందే లేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. ఆ రోజు మాత్రం లేచి రైలెక్కాను.

చిన్న చమురు బావులు గిట్టుబాటవుతాయా కావా అని తేల్చడం ఆయన పని. పెద్ద కంపెనీలు వదిలేసిన బావిని ఎవరైనా కొనబోయే ముందు ఆయన్ను పిలిచేవారు. నాకు ఆ పని నేర్పిందీ ఆయనే. కొన్నాళ్ళు చమురు పారనిచ్చి, బావి మూసేసి, లోపలి ఒత్తిడి మళ్ళీ ఎంతవరకు లేస్తుందో చూడాలి. "పారేటప్పుడు ప్రతి బావీ మంచిగనే కనిపిస్తది బిడ్డా. మూసి చూడాలె" అనేవారు. ఇంట్లోనూ అంతే. ఉడికిన కందిపప్పును మూత పెట్టి కాసేపు ఉంచందే వడ్డించనిచ్చేవారు కాదు. మేం ఆకలితో లోపల తిట్టుకునేవాళ్ళం.

ఆయన వియ్యంకుడికి తాండూరులో నాపరాతి గని, బండలు నునుపు చేసే మిషన్లు ఉన్నాయి. రాయి తప్ప మరొకటి ఎరగని ఆ మనిషికి ఉన్నట్టుండి చమురు మీద మనసు పోయింది. గని, మిషన్లు అమ్మేసి ఒక పాత బావి కొంటానన్నాడు. "మా బావ సై అంటెనే కొంట" అని చర్చి ముందు పదిమందిలో మాటిచ్చాడు కూడా. అలా కోడలి పుట్టింటి బతుకంతా మామయ్య నోటిమాట మీదికొచ్చింది.

మామయ్య, వియ్యంకుడు, నేను ఆ బావి దగ్గరికి వెళ్ళాం. బావి తెరవగానే చమురు జోరుగా వచ్చింది.

"చూసినవా బావా. మొదట్లనే గింత వస్తే, ముందట ఇంకెంతొస్తదో" అన్నాడు వియ్యంకుడు.

ఆ మాట తాండూరు మనిషే అనగలడు. గనిలో పైన వచ్చేదంతా పనికిరాని పెళ్ళలే, లోతుకు పోయేకొద్దీ మంచి బండ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన చూసింది అదే. చమురు బావిది అందుకు తలకిందులు, దాని మంచి రోజులు మొదటివే.

"ఇది గని తీరు గాదు బావా. మూద్దాం" అన్నారు మామయ్య.

కొన్నాళ్ళు పారనిచ్చి మూశాం. ముల్లు చకచకా లేచింది, తర్వాత నెమ్మదించింది, మొదటున్న చోటికి చాలా కిందే ఆగిపోయింది. "జర ఆగుదాం" అన్నాడు వియ్యంకుడు. ఆగాం. మర్నాడూ ఆగాం. ముల్లు కదల్లేదు.

"లోపలున్నది కొంచెమే. వద్దు బావా."

"నేను పైకొస్తుంటె నీకు సయిస్తలేదు."

"నీ బిడ్డ నా ఇంట్ల ఉన్నది. నీ కీడు నేనెందుకు కోరుత?"

మాటిచ్చాడు కనుక ఆయన కొనలేదు, కానీ మామయ్య గడప తొక్కడం మానేశాడు. ఆ బావిని ఇంకెవరూ కొనలేదు, సిమెంటు పోసి పూడ్చేశారు. మామయ్య చెప్పింది నిజమని చూపించే దారే లేకుండా పోయింది. కోడలు అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. నాకు ఒళ్ళు మండేది. ఆయన మాత్రం, "కోపం గూడ ఒత్తిడే బిడ్డా. దిగేదాక మనమే ఆగాలె" అనేవారు. ఆగుతూనే వెళ్ళిపోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

సమాధి మీద పరిచే బండ కోసం నేను గనికి వెళ్ళాను. మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. వియ్యంకుడు అప్పటికే అడుగున ఉన్నాడు. కొత్తగా ఎత్తిన బండను చిన్న సుత్తెతో కొట్టి, లోపల పగులుందేమోనని మోకాళ్ళ మీద వంగి చెవి ఆనించాడు.

"బావకు ఇది గాదు. ఇంకా కిందిది తియ్యుండ్రి" అన్నాడు కూలీలతో. "తొందర లేదు. ఆగుదాం."

వాళ్ళు ఇంకో బండ ఎత్తారు. ఆయన సుత్తె వేసి, మళ్ళీ చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.