పెద్దమ్మ కోసం కోసిన తలుపు

మా పెదనాన్న వెల్డింగు మేస్త్రీ. ఊరి చివర మైదానంలో డబ్బున్నవాళ్ళ చిన్న విమానాలు దిగేవి. అక్కడి రేకుల షెడ్డులో ఇనుప గొట్టాలు అతుకుతూనే ఆయన జుట్టు నెరిసింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకే పెద్దమ్మకు జబ్బు చేసి, నడుం కింది భాగం చచ్చుబడిపోయింది. వాళ్ళ కాపురం మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. ఆమె దిగాలంటే ఎవరో ఒకరు చక్రాల కుర్చీతో సహా మొయ్యాలి. కింద ఇస్త్రీ కొట్టు అతను పిలవకముందే పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ పైకొచ్చేవాడు. దేవుడు అలాంటివాళ్ళ కాళ్ళతోనే మెట్లెక్కి వస్తాడని పెద్దమ్మ నమ్మకం.

సెలవు రోజుల్లో పెదనాన్న ఇద్దరు కూర్చునే విమానం ఒకటి సొంతంగా కట్టుకున్నారు. గొట్టాల చట్రం, పైన గుడ్డ, ఎవరో వాడి వదిలేసిన ఇంజను. అలాంటి విమానాలకు తలుపు ఇరుకు. ఒక కాలు లోపల పెట్టి, ఒళ్ళు మెలితిప్పి ఎక్కాలి. తలుపు పక్కన ఏటవాలుగా ఒక గొట్టం అడ్డం ఉంటుంది. చట్రానికి బలం అదే. పెదనాన్న దాన్ని తీసేసి, పెద్దమ్మ కుర్చీ పక్కకు వచ్చి ఆగేంత తలుపు పెట్టారు. సీటును పట్టాల మీద బిగించి బయటికి జారేలా చేశారు. పోయిన బలం కోసం కిందా మీదా లావు గొట్టాలు వేశారు. దాంతో బరువు పెరిగింది. ఆ మేరకు పెట్రోలు తగ్గించుకోవాల్సి వచ్చింది. మిగతా విమానాలు పొరుగూళ్ళు చుట్టి వచ్చేవి. ఇది నది మీది వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చేది.

"ఇది విమానం కాదు మేస్త్రీ, రెక్కలు మొలిచిన బీరువా. రేపు దీన్ని ఎవడు కొంటాడు?" అని షెడ్డువాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"అమ్మడానికా కట్టింది? మా ఆవిడకి కట్టాను," అనేవారు పెదనాన్న.

పెదనాన్న నడుపుతుంటే ఇద్దరూ అలా ఎన్నో ఆదివారాలు తిరిగారు. పైనుంచి చూస్తే ఎవరి కాళ్ళూ కనపడవురా అని పెద్దమ్మ ఒకసారి నాతో చెప్పి నవ్వింది.

తర్వాత పెదనాన్న గుండె మొరాయించింది. ఇక విమానం నడపకూడదన్నాడు డాక్టరు. అదే రోజుల్లో ఇస్త్రీ కొట్టు వెనక కింది వాటా అమ్మకానికి వచ్చింది. గడప దాటితే వీధే. ఎవరూ మొయ్యక్కర్లేకుండా పెద్దమ్మ తన కుర్చీని తానే తోసుకుని బయటికి వెళ్ళొచ్చు. విమానం అమ్మితే ఆ వాటా కొనొచ్చని ఇద్దరూ ఆశపడ్డారు.

విమానాలు అమ్మిపెట్టే బ్రోకరు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఈ తలుపుతో ఎవరూ కొనరు బాబాయ్. కొనేవాడు ముందు తను మళ్ళీ అమ్మితే ఎంతొస్తుందో చూసుకుంటాడు. దీన్ని అందరి విమానంలా చేసెయ్యి."

పెదనాన్న అటూ ఇటూ తేల్చుకోలేకపోయారు. పెద్దమ్మే తేల్చేసింది. ఒక రోజు షెడ్డుకు వచ్చి, చివరిసారి ఆ సీటులో లోపలికి జారి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. షెడ్డువాళ్ళు సుత్తులు ఆపి నిలబడ్డారు. "ఇక కానివ్వండి," అంది.

పెదనాన్న లావు గొట్టాలు కోసేశారు. ఏటవాలు గొట్టం మళ్ళీ అతికారు. ఇరుకు తలుపు, కొత్త గుడ్డ, కొత్త రంగు. బరువు తగ్గింది, టాంకు నిండా పెట్రోలు పట్టింది.

కొనడానికి ఒకాయన వచ్చాడు. చూడగానే నచ్చింది. లోపల టార్చి వేసి చట్రం చూస్తూ అతుకుల దగ్గర ఆగి, ఇది ఎక్కడ కూలిందని అడిగాడు. పెదనాన్న ఏదీ దాచకుండా పెద్దమ్మ సంగతంతా చెప్పారు. ఆయన చివరిదాకా విన్నాడు. పెదనాన్న ఆయాసపడుతుంటే స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు.

"మీ మాట నేను నమ్ముతానండి. కానీ రేపు నా దగ్గర కొనేవాడు కూడా నమ్మాలి కదా. ఇన్ని అతుకులు చూస్తే, పడ్డ విమానమనే అనుకుంటాడు."

తర్వాత వచ్చినవాళ్ళూ ఆ మాటే అన్నారు. అతుకు గట్టిగా ఉంటే చాలని పెదనాన్న జీవితమంతా అనుకున్నారు. వచ్చినవాళ్ళు అది గట్టిదా కాదా అని చూడలేదు. అతుకు ఉందా లేదా అన్నదే చూశారు.

కింది వాటా వేరేవాళ్ళు కొనుక్కున్నారు. చివరికి ఇంజను ఒక్కటే అమ్ముడుపోయింది. ఆ డబ్బు పెదనాన్న మందులకే సరిపోయింది. చట్రం షెడ్డు వెనక గోడకు ఆనించారు. వానకు కొత్త గుడ్డ ఉబ్బి చిరిగింది.

తలుపు మళ్ళీ కొయ్యొచ్చు కదా పెదనాన్నా అని నేను తెలివితక్కువగా అడిగాను.

"కోస్తే ఎక్కుతుంది. ఎక్కి ఎక్కడికెళ్తుందిరా?" అన్నారాయన.

విమానంలోంచి విప్పి షెడ్డులో మూలన పడేసిన పెద్దమ్మ సీటును, పట్టాలను ఇస్త్రీ అతను ఒక రోజు భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కించాడు. పెదనాన్న వాటిని గది నేలకు బిగించారు. ఇప్పుడు పెద్దమ్మ ఆ సీటులో మంచం దగ్గర నుంచి కిటికీ దాకా జారుతుంది. అక్కడ పట్టాలు అయిపోతాయి. కాసేపు వీధి చూసి, మళ్ళీ వెనక్కి జారుతుంది.