మా బావ తువ్వాల, మా అక్క చెయ్యి

మొన్న మధ్యాహ్నం మా వసారాలో విత్తనం శెనక్కాయలు ఒలుస్తా కూచోనుంటిమి. ఒక పదును వాన పడింది, ఇంక ఊరంతా ఇదే పని. మిషన్లో ఆడిస్తే గింజ చిట్లుతుందని మా అక్క ఒప్పుకోదు, విత్తనానికైతే చేత్తోనే ఒలవల్ల అంటుంది. బొటనవేలు వాచేంత వరకు ఒలిచి, రాని వానను నోటికొచ్చినట్ల తిట్టి, మళ్లా సాయంత్రమైతే ఆ వానకోసమే పడమర దిక్కు చూసే జాతి మాది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఈ ఇంటి పెద్దకోడలు, నాకు తోటికోడలు. ఆమె మొగుడు మా బావ ఆ పొద్దు మంచం మీద కూచోని టీవీ చూస్తాండాడు. ఆయన భుజం మీద తువ్వాల. ఆ తువ్వాలతో నాకు పెద్ద కథే ఉంది, దానికే వస్తాండా.

టీవీలో నలుగురు మొగోళ్లు నాలుగు డబ్బాల్లో కూచోని కొట్లాడుకుంటాండారు. యాదో దేశంలో ఆడోళ్లు కడుపు తీయించుకునేదానికి సర్కారు దుడ్లు ఖర్చు పెట్టగూడదని చట్టం తెస్తారంట. మన దేశంలోనూ కట్టడి చెయ్యల్లని ఇద్దరు, వద్దే వద్దని ఇద్దరు. అనుకూలమైనోడు అరుస్తాండాడు, వ్యతిరేకమైనోడూ అరుస్తాండాడు. మా అక్క చేతిలో కాయ చేతిలోనే పెట్టుకొని కొంచెంసేపు ఇనింది. ఇని, నా తట్టు తిరిగి, "ఏమ్మే, ఈ నలుగుర్లో ఒగడన్నా నెల తప్పిండేది ఉండాదా?" అని అడిగింది. నేను పడీపడీ నవ్వితి. మా బావ మాత్రం నవ్వలేదు. గమ్మున రిమోట్ తీసుకొని సౌండు తగ్గించి, తువ్వాల భుజం మీదనుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఏంటికి అట్ల చేసినాడో నాకు తెలుసు.

కొన్నేండ్ల కిందట మండలం ఎన్నికల్లో మా ఊరి సీటు ఆడోళ్లకి రిజర్వయింది. అంతకు ముందునుంచే మెంబరు కావల్లని మా బావకి మహా ఆశ. తెల్లచొక్కాలు కూడా కుట్టించి పెట్టుకోనుండె. సీటు ఆడోళ్లకి పోయిందంటే మూడు దినాలు సంగటి సరిగ్గా తిన్లేదు. ఆమీద ఎవురో చెప్పినారు, "ఏమప్పా, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా ఏంది?" అని. అంతే, పేడకల్లు ఎత్తుతాండే మా అక్కను పిలిచి, చేతులు కడుక్కొని రమ్మని, నామినేషన్ వేయించినాడు. అక్క గెలిచింది. తెల్లచొక్కాలు మా బావ తొడుక్కున్నాడు. ఊరంతా ఆయన్ని మెంబరన్నా అని పిలిచేది. అక్కను మాత్రం ఎప్పటి మాదిరే ఫలానా వాళ్ల పెద్దకోడలు అనేది.

మా మండలంలో ఇది ఎవురూ తప్పనుకున్న సంగతి కాదు. సగానికి పైగా సీట్లు ఆడోళ్లవే. మీటింగ్ హాల్లో పోయి చూస్తే ఒక్క చీర కొంగు కనపడితే ఒట్టు. బల్లల మీద పేర్లు రాసిన చెక్కలు పెట్టింటారు, శ్రీమతి ఫలానా అని. ఆ చెక్కల వెనక మీసాలు దువ్వుకుంటా మొగోళ్లు. కాఫీ మొగోళ్లకే, బిస్కెట్లు మొగోళ్లకే, సంతకాలు కూడా వాళ్లే గీకేది. ఇంటికొచ్చి మా బావ, "ఈ పొద్దు మీటింగ్‌లో నువ్వు బోరు గురించి గట్టిగా మాట్లాడినావు" అని అక్కకు చెప్పేవాడు. అక్క పొయ్యి ఊదుకుంటా, "అట్లనా, ఏమనింటిని?" అని అడిగేది. మేము దాన్నే పెద్ద తమాషా అనుకొని నవ్వుకుంటాంటిమి.

ఒక ఏడు ఎండాకాలం మా వీధి చివర్లో ఉండే గొర్రెలాయన మంద తోలుకొని కాలవ కింద ఊర్లకి పోయినాడు. ఏటా పోయేదే. ఈడ గడ్డిపరక ఉండదు, ఆడ కోతలైన మడికయ్యల్లో మంద ఆపితే ఎరువుకెరువు, మేతకు మేత. నెలలకొద్దీ ఆకాశం కిందనే పడుకుంటారు. ఆయన ఫోను చార్జింగ్ ఉన్నెప్పుడు సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్నెప్పుడు చార్జింగ్ ఉండదు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లోళ్లు. చిన్నదాని కాన్పులో ఆయన భార్యకు రక్తం ఆగక, బతికేది కష్టమనుకునింటిమి. మళ్లా కడుపొస్తే ప్రాణానికే ముప్పని టౌను ఆస్పత్రి డాక్టరమ్మ ఆ పొద్దే చెప్పింది. ఆపరేషన్ చేయించుకుందామంటే ముందు ఒంట్లో రక్తం పట్టనీ అన్నారు. రక్తం పట్టకముందే మళ్లా నెల తప్పింది.

ఒకనాడు తెల్లారుతానే వచ్చి మా గడప మీద కూచునింది ఆ పిల్ల. మొగం సున్నం కొట్టినట్ల ఉంది. డాక్టరమ్మ చూసిందంట, ఆలస్యం చెయ్యగూడదు, తీసేయల్ల, తొందరగా రమ్మనిందంట. మా ఊరికి బస్సు లేదు. షేరాటోలో పోదామంటే ముందురోజు సగం దావలోనే కండ్లు తిరిగి పడిపోయింది. ఇట్లాంటోళ్లను టౌనుకు తీసకపోయేదానికి మండలం ఖర్చుతో ఒక వ్యాను ఉండె. దాని డ్రైవర్ని అడిగితే, "మెంబర్లు ఏందో తీర్మానం చేస్తాండారంట, అది తేలేవరకు కడుపు తీసే కేసులు ఎక్కించుకోను తల్లీ" అన్నాడంట. "అక్కా, మెంబరువు నువ్వే కదా, ఒక మాట చెప్పక్కా" అని అడిగింది. మా అక్క జీవితంలో మొదటిసారి ఆమెను మెంబరు అని పిలిచింది ఆ పిల్లే. అక్క లోపలికి పోయి, గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఆ పిల్ల చేతికిచ్చింది. ఆ తీర్మానం పెట్టింది మా బావే.

ఆయనకి ఆ పిల్ల మీద కోపమేం లేదు, ఆమె సంగతే తెలీదు. పక్క మండలంలో ఎవురో మొగునికి చెప్పకుండా కడుపు తీయించుకునిందని కాఫీ అంగడికాడ మాటొచ్చింది. "ఇంటాయనకి తెలీకుండా ఇట్లాంటివి జరిగితే సంసారాలేం కావల్ల? ఆడబిడ్డని తెలిసి తీయించేవాళ్లు ఎంతమంది లేరు?" అని మా బావ ఆవేశపడినాడు. రెండో మాటలో నిజం లేకపోలేదు. కానీ దానికి ఆయన కనిపెట్టిన మందు ఏందంటే, మొగుని సంతకం లేకుండా మండలం వ్యాను ఆ పనికి కదలగూడదు, ఆస్పత్రిలో చెయ్యగూడదు అని తీర్మానం. ఆ పిల్ల వచ్చిపోయిన పొద్దే మీటింగ్, హాల్లో మీసాలన్నీ "ఆమోదం, ఆమోదం" అని బల్లలు చరిచినాయంట. ఒక్క ముసలి మెంబరు మాత్రం, "నాకు ఒప్పుదల లేదప్పా, నాకూ కూతుర్లుండారు" అని లేచినాడంట. మా బావకి రోషమొచ్చె. "అట్లయితే చేతులెత్తించండి సార్, ఎవురి బలమెంతో చూద్దాం!" అని ఆఫీసర్ని అడిగినాడు. ఆ ఆఫీసరు కొత్తగా వచ్చినాయన, మెత్తగా మాట్లాడే మనిషి. "తప్పకుండా ఎత్తిస్తాను. కానీ లెక్క పెట్టేటప్పుడు మెంబర్ల చేతులే లెక్కకొస్తాయి. మీలో మెంబర్లెవురు?" అని అడిగినాడంట. మొగోళ్లంతా తమ ముందరుండే శ్రీమతి చెక్కల తట్టు చూసుకున్నారంట. ఓటింగ్ మరుసటి దినానికి వాయిదా పడింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన రిహార్సల్ తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. మా బావ అక్కను కుర్చీలో కూచోబెట్టి, తాను కిటికీ అవతల నిలబడినాడు. "చూడు, నేను ఈ తువ్వాల ఎడం భుజం మీదనుంచి కుడి భుజం మీదికి మార్చిన్యాననుకో, నువ్వు చెయ్యెత్తల్ల. అంతే నీ పని. నోరు తెరవాకు." అక్క బుద్ధిగా, "చెయ్యి ఎంత ఎత్తల్ల? ఇంత చాలా, ఇంకా పైకా?" అని అడిగింది. "చంక కనపడకుండా ఎత్తు" అన్నాడు బావ. తువ్వాల అటు మారె, ఇటు మారె, అక్క చెయ్యెత్తె, దించె. నేను నోట్లో కొంగు కుక్కుకొని వంటింట్లోకి పరిగెత్తితి. ఆడ మళ్లా ఆ పిల్ల మొగం కండ్ల ముందరికొచ్చి, నవ్వు నవ్వుగా ఉండలేదు. అక్క ఏం చేస్తుందో నాకూ తెలీలేదు. అడిగితే, "కందిబేడలు నానేసినావా?" అనింది.

మరుసటి దినం మండలం ఆఫీసు ముందర జాతర మాదిరి ఉండె. ఆటోల్లోనుంచి, బండ్ల మీదనుంచి ఆడ మెంబర్లు దిగుతాంటే, గేటుకాడ ప్యూను నోరెళ్లబెట్టి, "అమ్మా, మీరెవురు?" అని అడుగుతాండాడు. వాళ్లు లోపలికి పోయి, చెక్కల మీద తమ పేర్లు వెతుక్కొని, చదువురానోళ్లు పక్కనోళ్లను అడిగి కూచునిరి. మా అక్కకు కుర్చీ కొత్త, పైన తిరిగే ఫ్యాను కొత్త. మొగుళ్లంతా వరండాలో కిటికీలకాడ గుంపు. అక్కకు తోడని నేనూ పోయి మా బావ పక్కనే నిలబడితి. ఆయన తువ్వాల ఎడం భుజం మీద ఇస్త్రీ మడత నలగకుండా ఉంది.

ఆఫీసరు తీర్మానం చదివి, ఎవరైనా మాట్లాడతారా అన్నాడు. చిన్న వయసు మెంబరు ఒకామె లేచి, "ఆడబిడ్డని స్కానింగ్‌లో చెప్పేది ఎప్పటినుంచో నేరమే కదా సార్. చెప్పేవాళ్లను పట్టుకోండి. రోగంతో ఉండే మనిషికి వ్యాను ఆపితే వాళ్లెట్ల దొరుకుతారు?" అనింది. వరండాలోనుంచి ఆమె మొగుడు, "కూచో మే!" అని అరిచినాడు. ఆఫీసరు కిటికీ తట్టు చూసి, మెత్తగానే, బయటోళ్లు మాట్లాడకూడదన్నాడు. బయటోళ్లు అనే మాటకి మా బావ మొగం చూడల్ల.

అప్పుడు లేచింది మా అక్క. చీర కుచ్చెళ్లు సరిచేసుకుంది. నీళ్లు తాగింది. "సార్, మేజరైన ఆడదానికి దాని సంతకం చాలని చట్టంలోనే ఉండాదంట, టౌను డాక్టరమ్మ చెప్పింది. నేను చదువుకోలేదు. కానీ నాకొకటి అర్థం కాలేదు. నేను గెలిచిన కాన్నుంచి నా కుర్చీలో మా ఇంటాయన కూచునె. నా సంతకం ఆయనే పెట్టె. నా సంతకం లేకుండానే ఈడ అన్నీ జరిగిపాయ, ఎవురూ తప్పనలేదు. మా వీధిలో ఒక పిల్ల ఉండాది. మొగుడు గొర్రెలెంబడి పోయినాడు, యాడుండాడో తెలీదు. ఆ సంతకం వచ్చేదాకా దాని ప్రాణం కాసుకోనుంటుందా?" అనింది. అని, కూచునింది.

ఆఫీసరు, తీర్మానానికి అనుకూలమైనోళ్లు చేతులెత్తండి అన్నాడు. నా పక్కన తువ్వాల ఎడం భుజం మీదనుంచి కుడి భుజం మీదికి పోయింది. అక్క చెయ్యి ఒళ్లోనే ఉంది. చూడలేదేమోనని మా బావ మళ్లా మార్చినాడు, ఒకసారి విదిలించి మరీ మార్చినాడు. అక్క నేరుగా ఆయన్నే చూస్తాంది. అక్కడక్కడ కొన్ని చేతులు లేచినాయి, ఆడోళ్లవి కూడా కొన్ని. ఆమీద వ్యతిరేకమైనోళ్లు అన్నాడు. మొదటి చెయ్యి మా అక్కది. చంక కనపడితే కనపడనీ అని, గాజులు మోచేతి దాకా జారేంత ఎత్తు. తర్వాత ఆ చిన్నామె, ఆ ముసలాయన, ఇంక ఒకరి ఎనక ఒకరు. ఆఫీసరు రెండుసార్లు లెక్కపెట్టి, తీర్మానం వీగిపోయిందన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. మా బావ తువ్వాలతో మొగం తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వ్యాను మా వీధిలోకి వచ్చింది. ఆ పిల్లకు తోడుగా అక్క కూడా ఎక్కింది. పొయ్యి మీద పప్పు అట్లనే పెట్టి పోయిందని మా అత్త సణుగుతాంటే, "నేను చూసుకుంటాలే పోమ్మా" అని మా బావ వంటింట్లోకి పోయినాడు. పప్పు మాడబెట్టినాడు. అది వేరే సంగతి. ఆయన అక్కతో కొన్ని దినాలు మాట్లాడలేదు. అక్కేమో అట్లాంటిది జరిగినట్లే కనపడకుండా ఆయన సంగటిలోకి ఇంకొంచెం నెయ్యి వేసేది. ఆ పిల్ల రెండో దినం తన కాళ్ల మీద తాను నడుచుకుంటా ఇంటికొచ్చింది, మేము చేసిన రాగిజావ తాగింది.

విత్తే కాలానికి గొర్రెలాయన మంద తోలుకొని తిరిగొచ్చినాడు. అన్నీ ఇన్నాడు. నేరుగా మా ఇంటికొచ్చి, కంబళి భుజం మీద అట్లనే ఉంచి, గడపకాడ నిలబడినాడు. గొడవకొచ్చినాడేమోనని మేమంతా బిత్తరపోతిమి. ఆయన మా బావనే చూసి, "అన్నా, నా సంతకం కోసం ఆపింటే నేనొచ్చేతలికి ఈడ ఎవురుండేవాళ్లన్నా?" అన్నాడు. మా బావకి తల కొట్టేసినట్లయింది. లేచి, మంచం మీద చోటిచ్చి కూచోమన్నాడు. ఆ తర్వాత నెల మీటింగ్‌కి ఆయనే బండి తుడిచి, "టైమైతాంది, మెంబరమ్మా, రా" అని అక్కను పిలిచినాడు. ఇంక అప్పటినుంచి ప్రతి మీటింగ్‌కీ తీసకపోయి, గేటుకాడ దించి, బయట కాఫీ అంగట్లో కూచునేవాడు. ఎవురన్నా మెంబరన్నా అని పిలిస్తే, "మెంబరు లోపలుంది, ఏం కావల్లనో ఆయమ్మనే అడుగు" అనేవాడు. ఇదీ గర్వంగానే చెప్పేవాడు, ఆ మనిషికి గర్వం లేకుండా యా పనీ రాదు.

మొన్న టీవీ సౌండు తగ్గినాక, కాయలు ఒలిచే చప్పుడొక్కటే మిగిలింది. మా గుంపులో అందరికంటే తొందరగా ఒలుస్తాంది ఆ గొర్రెలాయన భార్యే. పక్కన దాని చిన్నకూతురు, ఒలిచిన గింజలు ఒలిచినట్లే నోట్లో వేసుకుంటాంటే, "విత్తనం తింటాండావే రాక్షసీ!" అని ఒకటిచ్చింది. మా ఊర్లో తారీఖులు ఎవురికీ గుర్తుండవు, పండిన ఏడు, ఎండిన ఏడు అనే చెప్పుకుంటాము. ఆ ఏడు విత్తిందంతా మట్టిలోనే మాడిపాయ, ఒక్క బస్తా ఇంటికి రాలేదు. అయినా మా ఆడోళ్లు ఇన్నేండ్ల తర్వాత కూడా దాన్ని ఎండిన ఏడు అనరు, అక్క చెయ్యెత్తిన ఏడు అంటారు.