స్వీడన్ ఇన్‌స్పెక్టరు కోసం ప్రార్థన

ఆ రోజుల్లో ఒంటరితనానికి మందు లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుందని నా నమ్మకం. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఆఫీసు, అపార్ట్‌మెంటు, ఆదివారం తెలుగు చర్చి తప్ప వేరే లోకం లేదు. అందుకే ఒక స్వీడన్ పోలీసు నవలల వరసను పట్టుకుని ఇంగ్లీషులో ఒకదాని తర్వాత ఒకటి నమిలేస్తుండేదాన్ని. (అప్పటికి నేను సరిగ్గా మంచు తొక్కింది కూడా లేదు. అయినా స్వీడన్ చలి ఎలా ఉంటుందో అందరికీ వర్ణించి చెప్పేదాన్ని.)

చర్చిలో మా అందరికీ పెద్దదిక్కు బాపట్ల అంకుల్. క్యాన్సర్ మందులకు ఆయన చూపు మసకబారింది. శనివారాలు వెళ్లి బైబిలు చదివి వినిపించమని పాస్టరుగారు నన్ను పంపారు. అంకుల్ ఒక్క కీర్తన విని, "ఇవి నాకు కంఠతా వచ్చమ్మా. నీ బ్యాగ్‌లో ఆ లావు బుక్ ఏంటి?" అన్నారు. వంటగదిలో ఉన్న ఆంటీకి వినబడకుండా గొంతు తగ్గించి, అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ మొదటి హత్య చదివాను.

ఆయనకు హంతకుడి మీద బొత్తిగా ఆసక్తి లేదు. "ఎవడు చంపితే ఏంలే. ఇంతకీ ఇన్‌స్పెక్టర్ భోంచేశాడా?" అనేవారు. ఆ ఇన్‌స్పెక్టరు పాపం నిలబడే రొట్టె ముక్క తినేవాడు. పుస్తకం మారేకొద్దీ అతనికి వయసు మీదపడింది, జుట్టు రాలింది, సొంత తమ్ముడు మాట్లాడడం మానేశాడు. "మనతోపాటే ముసలోడైపోతున్నాడు. వీణ్ణి ఎలా వదిలేస్తాం?" అనేవారు అంకుల్ తన బోడితల నిమురుకుంటూ.

ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో ఆయన మెల్లగా లేచారు. "మనకు తెలిసిన బ్రదర్ ఒకాయన ఉన్నాడు. స్వీడన్‌లో పోలీస్ డ్యూటీ. తిండి లేదు, నిద్ర లేదు, తమ్ముడు పలకరించడు. ఆయన కోసం ప్రే చేయండి." అందరూ కన్నీళ్లతో ప్రార్థించారు. నేను పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక వణికిపోతుంటే, పక్కావిడ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. బయటికొచ్చాక, "అబద్ధం కదా అంకుల్?" అన్నాను. "ఏం, వాడికి మాత్రం ప్రార్థన అక్కర్లేదా?" అన్నారాయన, ఏమాత్రం నవ్వకుండా.

ఆఖరి పుస్తకానికి వచ్చేసరికి అంకుల్ మంచం దిగడం లేదు. ఎలాగైనా పూర్తి చేయాలని నేను గబగబా చదివేదాన్ని. "స్లోగా చదువమ్మా. అయిపోతే వచ్చే శనివారం నేనేం వినాలి?" అన్నారు. కొన్ని అధ్యాయాలు మిగిలి ఉండగానే వెళ్లిపోయారు.

భూస్థాపన అయిన కొన్నాళ్లకు ఆంటీ ఫోన్ చేశారు. "శనివారం రావడం మానేశావేంటి? మిగతాది నాకు చదివి పెట్టు."

వెళ్లాను. ఇన్‌స్పెక్టరు తిట్లు దాటేస్తూ చదువుతుంటే ఆవిడ ఆపారు. "అవెందుకు మింగేస్తున్నావ్? ఆయనకి చదివినట్టే చదువు. ఇన్నాళ్లూ పొయ్యి ఆఫ్ చేసుకుని మరీ విన్నాను."

చివరికి ఇన్‌స్పెక్టరు రిటైరై ఊరు వదిలి వెళ్లిపోయాడు. పుస్తకం మూశాను. ఆంటీ దాన్ని నా చేతిలోంచి తీసుకుని కొంగుతో అట్ట తుడిచారు. తర్వాత అన్నారు: "ఈసారి మొదటి బుక్ తీసుకురామ్మా. అది చదివేటప్పుడు ఆయన ఇంకా గట్టిగా నవ్వుతుండేవారు."

ఇన్ని హత్యలు చదివాను, చావంటే నాకు కొత్తేముందనుకున్న ఆ పిల్ల, ఆ సాయంత్రం కారు స్టార్ట్ చేయలేక వాళ్ల ఇంటిముందే కూర్చుండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే, దాని ధీమాకి కాస్త నవ్వొస్తుంది.